మా మోరీ మేనిఛాయ

మా ఇంట్లో అందరికంటే నిగారింపు ఉన్నది నాకు కాదు, మా ఆవిడకు కాదు, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికీ కాదు. స్నానాల గదిలోని మోరీకి. ఈ ఒక్క నెలలోనే అది ఎర్ర ఉల్లిపాయ రసం తాగింది, కాఫీ పొడితో నలుగు పెట్టించుకుంది, బొగ్గుతో బుగ్గలు రుద్దుకుంది, విటమిన్ సి మింగింది, చివర్లో గాడిద పాలతో గొంతు తడుపుకుంది. మధ్యలో మా ఒళ్ళు వాటికి దారిలో తగిలిన బస్టాపు మాత్రమే. నలభై సెకన్లు ఆగుతాయి. ఇరవై సెకన్లు రుద్దుకోవడానికి, ఇంకో ఇరవై 'ట్యాంకులో నీళ్లు అయిపోతున్నాయి, తొందరగా కానివ్వండి' అనే కేక వినబడేదాకా.

కూర్చుని లెక్క వేశాను. ఒంటికి రాసుకునే ద్రవం సీసా 449 రూపాయలు. 450 అంటే మనసు బాధపడుతుందని ఒక రూపాయి దయతలచారు. లోపల 250 మిల్లీలీటర్లు. పొదుపుగా పూటకు 10 మిల్లీలీటర్లు వాడితే 25 స్నానాలు. మా అమ్మాయి చేతివాటం ప్రకారమైతే పన్నెండు. నా పొదుపు లెక్కలోనే స్నానానికి దాదాపు 18 రూపాయలు. ఆ డబ్బుతో మా వీధి చివర ఒక ఛాయ్ వస్తుంది. అదైనా కనీసం లోపలికి పోతుంది.

ఇంతకీ ఈ భోగం మా ఇంట్లోకి ఎలా అడుగుపెట్టిందో చెప్పాలి. డాలస్ నుంచి మా మేనకోడలు వస్తూ ఆరు ఉండలున్న డబ్బా తెచ్చింది. తొక్కుడు లడ్డూ అంత సైజు, ఊదారంగు, పైన మెరుపుల పొడి, డబ్బా తీయగానే ఇల్లంతా పూలకొట్టు వాసన. మా అమ్మ ఒకటి తీసి దేవుడి ముందు పెట్టబోయింది.

"అమ్మమ్మా, అవి తినేవి కావు. బాత్ బాంబులు."

బాంబు అనగానే మా అమ్మ డబ్బాను అలాగే కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

ఈ బాంబును 1989లో ఇంగ్లండులో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ తన పెరట్లోని షెడ్డులో కనిపెట్టింది. తర్వాత తను కూడా కలిసి పెట్టిన లష్ కంపెనీ దాన్ని ప్రపంచమంతా పంచింది. కడుపులో మంటకు వేసుకునే ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ళ నీళ్లలో బుసబుసలాడటం చూశాక ఆ ఆలోచన పుట్టిందట. ఉండలో అసలు సరుకు రెండే: వంటసోడా, నిమ్మ ఉప్పు. పొడిగా ఉన్నంతసేపు ఒకే ఇంట్లో ఉండే తోడికోడళ్ళలా ఊరుకుంటాయి. నీళ్లు తగలగానే కలబడి కార్బన్ డయాక్సైడు వదులుతాయి. సరిగ్గా ఈ జతే మన మందుల షాపులో ఈనో పొట్లంలో కూర్చుని, స్వర్జిక్షారం, నింబూకామ్లం అని సంస్కృతం మాట్లాడుతూ ఉంటుంది. గులాబీ రేకులు, మెరుపుల పొడి దానికి లేవు కాబట్టి పాపం చిల్లర డబ్బులకే పోతోంది.

బాంబుకు తొట్టి కావాలి. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునే తొట్టి, దాన్ని నింపడానికి వంద లీటర్లకు పైగా వేడినీళ్లు, పడుకోవడానికి ఒక గంట తీరిక. మాది బకెట్టు, మగ్గు వంశం. వేసవిలో మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకర్ వస్తే వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మలు పడతాయి. అయినా పిల్ల సముద్రాలు దాటి మోసుకొచ్చిందని, ఒక ఉండ తీసి బకెట్‌లో వేశాను. తొట్టికి సరిపడే బాంబు బకెట్‌లో ఏం చేస్తుందో అదే చేసింది. నురగ అంచులు దాటింది, చప్పుడు తలుపు దాటింది.

"బకెట్ల ఈనో ఏసినవా ఏంది బిడ్డా?" బయటి నుంచి మా అమ్మ. "నీళ్లకు గ్యాస్ పట్టిందా?"

నా మడమలు మూడు రోజులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆఫీసులో ఒకాయన చాలా మర్యాదగా, "గోరింటాకా సార్?" అని అడిగాడు.

బాంబు సరే, అది ఎలాగూ పరాయిది. మన కూరగాయల బుట్ట స్నానాల గదిలోకి ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదని సామెత. ఆ మేలు పులుసులో చేస్తుందనుకున్నాం కానీ షాంపూలో అనుకోలేదు. సీసా మీద ఇంతలావు ఉల్లిగడ్డ బొమ్మ. వెనక్కి తిప్పి, నా కళ్ళజోడు మీద మా ఆవిడ కళ్ళజోడు కూడా పెట్టుకుని చదివితే, పదార్థాల పట్టీ కనిపిస్తుంది. పట్టీ రాయడానికి పద్ధతి ఒకటుంది: ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక. ముందు నీళ్లు. తర్వాత నురగనిచ్చే సరుకు. ఆ తర్వాత నోరు తిరగని పేర్లు ఓ పదిహేను. పెళ్ళి పంక్తిలో చివరి వరసలో కూర్చున్న పేద చుట్టంలాగా, సువాసన పక్కన ఎక్కడో ఉల్లి. ఉల్లి ఉంది కానీ ఉల్లి వాసన రాదని కూడా సీసా మీదే గొప్పగా రాశారు. ఎందుకు రాదో నాకు పట్టీ చదివాకే తెలిసింది.

అన్నిటికంటే నాకు నచ్చే మాట 'జుట్టుకు పోషణ'. చర్మం పైకి వచ్చిన వెంట్రుక ప్రాణం లేని కెరటిన్ పోగు. అది తినదు, తాగదు, అరిగించుకోదు. బతికున్నదంతా కింద కుదుళ్ళలో ఉంటుంది. దానికి తిండి అందేది రక్తంలోంచి, అంటే కంచంలోంచి. పోయినవాటికి రోజూ పొద్దున్నే వేళ తప్పకుండా విటమిన్లు పెట్టడానికి మన భాషలో ఒక పేరుంది: తద్దినం. కాకపోతే తద్దినానికి కాకులైనా వస్తాయి.

ఈ సీసాలు అబద్ధం ఆడతాయని నేను అనడం లేదు. అక్కడే ఉంది వాటి తెలివి. 1940 నాటి మన మందుల, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం సౌందర్య సాధనమంటే శుభ్రం చేసేది, అందంగా కనిపించేలా చేసేది, రూపం మార్చి చూపేది. రోగం నయం చేస్తానంటే అది మందు అయిపోతుంది. మందయితే మందుల లైసెన్సులు, మందుల నియమాలు, నానా తలనొప్పి. అందుకని ఏ సీసా కూడా 'మచ్చలు పోతాయి' అనదు. 'మచ్చలు కనిపించడాన్ని తగ్గించడంలో సహాయపడుతుంది' అంటుంది. మచ్చ తగ్గదు, కనిపించడం తగ్గుతుంది. తగ్గించదు, తగ్గించడంలో సాయం చేస్తుంది. రేపు ఏ హోటలువాడైనా 'ఆకలి ఉన్నట్టు అనిపించడాన్ని తగ్గించడంలో సహాయపడే ఉప్మా' అని బోర్డు పెడితే మనం కూర్చుని తింటామా? ఈ ఒక్క వాక్యం రాసిన వకీలుకు ఎంత ఇచ్చినా తక్కువే. ఇచ్చే ఉంటారు, ధరలో కలిపే ఉంటారు.

సబ్బుకు నిజంగా చూడాల్సిన అంకె ఒకటుంది. దాన్ని మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. టీఎఫ్ఎమ్, అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం. మన ప్రమాణాల ప్రకారం 76 శాతం ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. ఈ మెట్ల పోటీ వద్దనుకున్న బిళ్ళలు 'టాయిలెట్ సోప్' అనే ఇంటిపేరు వదిలేసి 'బేతింగ్ బార్' అని కొత్త పేరు పెట్టుకుంటాయి. అన్నీ నాసిరకమని కాదు, కొన్నిటిని కావాలనే సబ్బు తగ్గించి ఒంటికి మెత్తగా ఉండేలా చేస్తారు. కానీ మనలో ఎంతమందిమి ఎప్పుడైనా ఆ అంకె చూసి కొన్నాం? అట్ట మీద మందారం పువ్వు చూసి కొన్నాం.

ఇక గాడిద. ఈ జంతువుకు జరిగిన పదోన్నతి మన ఊళ్ళలో ఇంకెవరికీ జరగలేదు. నిన్నమొన్నటిదాకా మా గల్లీలో గాడిదను తోలుకుంటూ ఒకాయన వచ్చేవాడు. పసిపిల్లలకు మంచిదని ఆడవాళ్ళు చిన్న గిన్నెలో పాలు పిండించుకునేవారు. గాడిద పాల విలువ గురించి వేమన ఏమన్నాడో ఒకటో తరగతి పిల్లవాడిని లేపినా చెబుతాడు. పాపం ఆయనకు ఢిల్లీ మార్కెట్ తెలియదు. 2023లో అప్పటి ఎంపీ మేనకా గాంధీ సుల్తాన్‌పూర్ సభలో, గాడిద పాల సబ్బుతో ఆడవాళ్ళ ఒళ్ళు అందంగా ఉంటుందని, క్లియోపాత్రా ఆ పాలతోనే స్నానం చేసేదని, ఢిల్లీలో ఆ సబ్బు 500 రూపాయలకు అమ్ముడుపోతోందని చెప్పారు. క్లియోపాత్రా సంగతి ఆవిడకే తెలియాలి. ఒకవేళ నిజంగా చేసినా పాలల్లో మునిగి ఉంటుంది తప్ప, బిళ్ళలో వేసిన చెంచాడు పాలను ఒంటికి అద్దుకుని, ట్యాంకర్ నీళ్లు అయిపోతాయని హడావిడిగా కడుక్కుని ఉండదు. జీవితమంతా చాకిరేవులో ఇతరుల మురికి బట్టలు మోసిన గాడిదకు చివరికి వాళ్ళ ఒంటి మురికి కూడా అప్పజెప్పాం.

'నానమ్మ రహస్యం' అనే మాట చూసినా నాకు ఇలాగే ఒళ్ళు మండుతుంది. ప్రకటనలో వెండి జుట్టు ముసలావిడ రోట్లో ఏదో నూరుతూ నవ్వుతుంది. మా నానమ్మ నూరడం నేను చూశాను, నవ్వడం చూడలేదు. పెసరపిండి, పసుపు, బావంచాలు, కచ్చూరాలు ఎండబెట్టి దంచి జల్లించిన సున్నిపిండితో పండగపూట మా వీపులు తోలు లేచేలా రుద్దేది. కుంకుడు పులుసు కళ్ళల్లో పడి మేం కేకలు పెడుతుంటే 'కళ్ళు మూసుకోమన్నానా లేదా' అని నెత్తిన ఒకటి వేసేది. ఆ పులుసులో నురగ నిజం, మంటా నిజం. ఇక ఆమె సొంతానికి వాడుకున్న రహస్యమంటారా? ఊరి కిరాణా కొట్టులో ఎర్ర లైఫ్‌బాయ్ దొరికిన రోజు నుంచి చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. షాంపూ అన్న మాట కూడా ఒళ్ళు పట్టే మన చంపీ నుంచే పుట్టింది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని బ్రైటన్ వెళ్ళి ఆ పేరుతోనే దొరలకు ఒళ్ళు పట్టి డబ్బు చేసుకున్నాడు. మనం వాళ్ళకు అమ్మిన మాటను వాళ్ళు మనకు సీసాలో పోసి తిరిగి అమ్మారు. ఇప్పుడు మన కంపెనీలు మన సున్నిపిండినే గొట్టంలో పోసి 'ఉబ్తన్' అని హిందీ పేరు పెట్టి మనకే అమ్ముతున్నాయి. వ్యాపారంలో ఆ మాత్రం పురోగతి ఉండాలి.

ఖరీదైనదంతా బూటకమని నేను అననుగాక అనను. మైసూర్ శాండల్ వాళ్ళు 2012లో 'మిలీనియం' అని ఒక సబ్బు తెచ్చారు, 150 గ్రాములు 720 రూపాయలు. విని నవ్వాను, వాసన చూసి నవ్వు ఆపాను. గంధపు నూనె ఖరీదైన వస్తువే, అది ఆ మాట దాచలేదు. ఆ సబ్బుల ఫ్యాక్టరీ బెంగుళూరులో మొదలైనప్పుడు మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేశాక నిజాం పిలిపించుకున్నదీ ఆయన్నే. మళ్ళీ అలాంటి వరద రాకుండా ఆయన చెప్పిన ఉపాయంలోంచే గండిపేట చెరువు పుట్టింది. మన ఊరికి స్నానానికి నీళ్లు, పక్క రాష్ట్రానికి సబ్బు, రెండిటి వెనకా ఒకే ఇంజనీరు. ఇద్దరు అల్లుళ్ళకూ సమానంగా పెట్టిన మామగారు. ఆ మైసూర్ శాండల్‌కే 2025లో తమన్నాను రెండేళ్ళ ప్రచారానికి 6.20 కోట్లకు పెట్టుకుంటే కర్ణాటకలో పెద్ద గొడవయింది, స్థానిక నటి దొరకలేదా అని. ఆరు కోట్లు ఎందుకని అడిగినవాళ్ళకంటే ఆమె ఏ ఊరిదని అడిగినవాళ్ళ గొంతే పెద్దగా వినిపించింది.

వాసన కొనుక్కుంటున్నాను అని ఒప్పుకుంటే ఏ పేచీ లేదు. మల్లెపూలు మూర కొంటాం, అవి విటమిన్లు ఇస్తాయని కాదు. రోజంతా చెమటలో తడిసి వచ్చినవాడు మంచి వాసనకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తే తప్పేముంది? పేచీ అంతా ఆ వాసనకు తెల్లకోటు తొడిగి డాక్టరని పరిచయం చేయడంతోనే. ఒళ్ళు పొడిబారితే తడి ఆరకముందే కాస్త కొబ్బరినూనో, వాజలీనో రాసుకోవాలి. అది కడిగేయం కాబట్టి ఉంటుంది. కడిగేసేదాంట్లో ఎంత బంగారం కలిపినా పోయేది మోరీకే. ఆఖరికి పన్నులవాళ్ళు కూడా అవసరానికీ ఆడంబరానికీ తేడా గ్రహించినట్టుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు బిళ్ళ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. సీసాలో పోసిన సబ్బునీళ్లు మాత్రం 18 దగ్గరే ఉండిపోయాయి.

మా బోరు నీళ్లలో అయితే సబ్బు బిళ్ళ ఏదైనా ఒకటే. ఉప్పు నీళ్లు, నురగ రాదు, తెట్టు వస్తుంది. కుళాయిల మీద తెల్లని పొర, బకెట్ అంచున తెల్లని గీత. 449 రూపాయల సీసా అయినా, 40 రూపాయల బిళ్ళ అయినా ఆ నీళ్లను ఏమీ చేయలేక మోరీలోకి, అక్కడి నుంచి మూసీలోకి. ఉల్లి, కాఫీ, బొగ్గు, విటమిన్ సి, గాడిద పాలు అన్నీ రోజూ ఒంటికి పట్టించుకుంటున్న నది ఈ దేశంలో ఇంకోటి ఉండదు. ఆ లెక్కన నాగోల్ వంతెన మీద నిలబడి ముక్కు మూసుకోవడం మన కృతఘ్నత.

మిగిలిన అయిదు బాంబులూ నేను అటక మీద దాచాను. మొన్న ఆదివారం ఆఫీసు పని మీద బయటికి పోయి వచ్చేసరికి డబ్బా ఖాళీగా వంటింట్లో ఉంది, అందులో పోపుల గింజలు. స్నానాల గదిలోకి వెళ్ళి చూస్తే మోరీ అద్దంలా ఉంది. కుళాయిల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న తెల్లపొర మాయం. మా అమ్మ అయిదింటినీ చితక్కొట్టి, మోరీలో పోసి, కుళాయిలకు రుద్ది, పైనుంచి కాగిన నీళ్లు గుమ్మరించిందట.

"ఇంత సాఫ్ జేస్తదని ఒక్కళ్ళన్న జెప్పలే," అంది కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "డాలస్ పోరికి ఫోన్ జెయ్. ఈపారి వచ్చేటప్పుడు రొండు డబ్బాలు తెమ్మను."