పాత బేరింగు చేతికివ్వని బిల్లు

బ్యాటరీ బండి వెనక చక్రం గరగరమంటోందని కబురు పెడితే ఇప్పటి మెకానిక్కు ముందు బయటికి తీసేది ఫోను. ఓ ఫొటో, ఓ వీడియో తీసి ఎక్కడికో పంపుతాడు. "ఇరుసు సెట్టు మొత్తం మార్చాలి సార్" అని మర్నాడు జవాబొస్తుంది. కొన్ని వందల రూపాయల బేరింగు పోతే బిల్లు వేలల్లో. సామాను వచ్చేదాకా బండి షెడ్డులో ఓ మూల. అన్నాళ్లూ మోకాళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లు బ్లాకు నుంచి గేటు దాకా ఎండలో నడవాలి. నా కోపమంతా అక్కడే.

విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ని. మా రోజుల్లో బేరింగు పోయిన బండి షెడ్డుకొస్తే, అది ఎందుకు పోయిందో తేలేవరకూ మేస్త్రి కొత్తది డబ్బాలోంచి తీయనిచ్చేవాడు కాదు. ఎందుకో తెలియకుండా మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఇంత చిన్న మాట ఇప్పుడు ఎవరికీ పట్టదు.

ఈ బండి పుట్టింది గోల్ఫ్ మైదానం కోసం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో 1954లో మొదలైన ఈ-జడ్-గో లాంటి కంపెనీలు ఇద్దరు ఆటగాళ్లనీ, వాళ్ల కర్రల సంచులనీ పచ్చిక మీద మెల్లగా తిప్పడానికి దీన్ని చేశాయి. గోల్కొండ కోట పక్క గోల్ఫ్ మైదానంలో అయితే ఇప్పటికీ దానిది అదే పని. రైల్వే ప్లాట్‌ఫాంల మీద, ఆసుపత్రుల్లో, గేటెడ్ కాలనీల్లో అలా కాదు. వెనక ఇంకో సీటు బిగిస్తారు, ఆరుగురిని ఎక్కిస్తారు, వాళ్ల పెట్టెలు కాళ్ల దగ్గర పేరుస్తారు, సిమెంటు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దగ్గర కూడా వేగం తగ్గించరు. బాల్ బేరింగుకు ఒక లెక్కుంది. మీద పడే బరువు రెట్టింపైతే దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సగానికి కాదు, ఎనిమిదో వంతుకు. ఈ లెక్క తెలిసినవాడు ఏడో మనిషిని ఎక్కనిస్తాడా?

పైగా ఈ చిన్న బండ్ల ఇరుసు సెమీ ఫ్లోటింగ్ రకం. లారీలో అయితే బరువును ఇరుసు చుట్టూ ఉండే తొడుగు, అంటే హౌసింగు, మోస్తుంది, లోపలి ఇరుసు చక్రాన్ని తిప్పితే చాలు. వీటిలో తిప్పేదీ ఇరుసే, మోసేదీ ఇరుసే. ఆ భారమంతా చక్రం పక్కనున్న ఒక్క బేరింగు మీదికి వస్తుంది.

బేరింగు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఫోను అక్కర్లేదు. ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాలి. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపి చూడాలి. ఊగిందంటే లోపల ఆట ఉన్నట్టే. తర్వాత చేత్తో తిప్పుతూ పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హౌసింగుకీ, పిడి చెవికీ ఆనించి వినాలి. బ్రేకు షూ రాసుకునే చప్పుడు వేరు, గోళీలు అరిగిన చప్పుడు వేరు. అది చెవికి అలవాటు కావాలి. అలవాటు కావాలంటే పక్కన నిలబెట్టి వినిపించే మేస్త్రి ఉండాలి. ఇవాళ కుర్రాణ్ని పక్కన నిలబెట్టుకునే ఓపిక ఎవరికుంది?

విప్పడం కష్టమేమీ కాదు. బ్యాటరీ తీగ ఊడదీసి, చక్రం, డ్రమ్ము తీసి, సర్క్లిప్ ఉంటే ప్లయర్‌తో విప్పి, జారే సుత్తి ఉన్న పుల్లర్‌తో ఇరుసును బయటికి లాగాలి. బేరింగు వెనక బిగుతుగా కూర్చున్న రింగు ఉంటే, ఇరుసుకు గీత పడకుండా ఉలితో చీల్చి తీయాలి. మెలకువంతా ఎక్కించడంలో ఉంది. కొత్త బేరింగును ఇరుసు మీదికి నొక్కేటప్పుడు బలం గోళీలు దొర్లే లోపలి వలయం, అంటే లోపలి రేసు మీదే పడాలి. బయటి రేసు మీద నొక్కితే ఆ దెబ్బ గోళీల గుండా పోయి రేసులో సొట్టలు పెడుతుంది. బండి కదలకముందే బేరింగు చచ్చినట్టు. మేం లోపలి రేసుకు సరిపోయే గొట్టం ముక్కను లేత్ మీద కోయించుకుని, ప్రెస్సు కింద పెట్టి నొక్కేవాళ్లం. ఆ గొట్టం ముక్కలు సైజువారీగా గోడకు వేలాడుతుండేవి. మొన్న ఒకడు సుత్తి పెట్టి బయటి రేసు మీద ఠంగుఠంగున కొడుతుంటే చూడలేకపోయాను. "అంకుల్, ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు. "అందరూ చేస్తారు కాబట్టే అందరికీ మళ్లీ పోతోంది బాబూ" అన్నాను.

మా రోజుల్లో అన్నీ మేలైనవని అనను. ఇప్పటి బేరింగులకు రెండు పక్కలా రబ్బరు మూతలొస్తున్నాయి, లోపల గ్రీజు ముందే పెట్టి ఉంటుంది. మా కాలపు మూతల్లేని బేరింగుల్లోకి దుమ్ము దూరేది. వాటిని కిరసనాయిల్లో కడిగి మళ్లీ గ్రీజు పట్టించేవాళ్లం. మూతల్లేని వాటిని నూనెలో కాచి ఎక్కించేవాళ్లం కూడా. రబ్బరు మూతలున్న వాటిని అలా కాచకూడదు, గ్రీజు పాడవుతుంది. సామాను బాగుపడింది, ఒప్పుకుంటాను. సామాను పట్టే చెయ్యి, చూసే కన్ను దిగజారాయి.

ఇప్పటివాళ్లకు బేరింగు మీది నంబరు చదవడం కూడా రాదు. 6205 అని ఉంటే చివరి రెండంకెలను ఐదుతో గుణించు, లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 6206 అయితే 30. బండి కంపెనీ పేరు చెప్పి నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు, ఆ నంబరు రాసుకుని ఏ బేరింగుల దుకాణానికి వెళ్లినా దొరుకుతుంది. జైపూర్‌లో 1946లో పెట్టిన కంపెనీవి, ఎన్‌బీసీ బేరింగులు మా చేతుల్లో ఎన్నో తిరిగాయి. అసలు బాల్ బేరింగుకు ఫిలిప్ వాన్ అనే ఆయన బ్రిటన్‌లో 1794లో పేటెంటు తీసుకున్నదే బండి ఇరుసు కోసం. అంత పాత విద్య ఇది. దీనికి ఇరుసు సెట్టు మార్చడమేమిటి?

తీసిన బేరింగును కోసి చూస్తే జబ్బు అందులోనే కనపడుతుంది. గోళీల ఎడంలో వరసగా సొట్టలుంటే సుత్తి దెబ్బ. ఎర్రటి తుప్పుంటే ప్రెషర్ పంపు పెట్టి కడిగినప్పుడు సీలు దాటి దూరిన నీళ్లు. రేసు పొరలు పొరలుగా ఊడితే మోయలేనంత బరువు. సన్నటి కాలిన చుక్కలుంటే కరెంటు. ఒక కాలనీలో బండికి ఇనుప మెట్టు వెల్డింగ్ చేయిస్తూ ఎర్త్ క్లాంపు వెనక చక్రం నట్టుకు తగిలించారు. కరెంటు బేరింగు గుండా పారి గోళీలను కాల్చింది. అక్కడ ఇరుసు సెట్టు రెండుసార్లు మార్చారు. ఒక్కసారైనా కోసి చూసినవాడు లేడు.

ఆయిల్ సీలు సంగతీ అంతే. బేరింగు మార్చినప్పుడు సీలు కొత్తది వేయకపోతే నూనె బ్రేకు షూల మీదికి కారుతుంది, వాలులో బండి ఆగదు. ఎక్కేది పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు. అందుకే మా కాలనీ కమిటీకి రాసిచ్చాను: ఏడాది కాంట్రాక్టు ఎవరికిచ్చినా సరే, కొత్త సీలు బిల్లులో విడిగా కనపడాలి, తీసిన బేరింగు మన చేతిలో పెట్టాలి, ఎందుకు పోయిందో కాగితం మీద రాయాలి. ఈ మూడూ లేని బిల్లు మీద నేను సంతకం పెట్టను.