పేజ్‌మేకర్ పెండ్లిళ్లు

పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌ను 1985లో కన్నది ఆల్డస్ కంపెనీ. 1994లో దత్తత తీసుకున్నది అడోబీ. 2001లో ఏడో వెర్షన్ ఇచ్చి, ఇక నీ బతుకు నువ్వు బతుకు అని వదిలేసింది. కన్నవాళ్లూ పెంచినవాళ్లూ కాదనుకున్న ఆ బిడ్డను ఇన్నేళ్లుగా సాకుతున్నది మా నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ లాంటి ఊళ్ల డీటీపీ సెంటర్లే. లగ్గం పత్రిక, పసుపు అడ్తి దుకాణం రశీదు బుక్కు, విత్తనాల కరపత్రం, అంకాపూర్ నాటుకోడి కూర బోర్డు, నాయకుని పుట్టినరోజు ఫ్లెక్సీ... అన్నిటికీ పురుడు పోసేది ఆ ముసలి సాఫ్ట్‌వేరే.

ఇప్పుడు దాని కింద నేల కదిలింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిందని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. విండోస్ 11కు ఎక్కాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 ఉండాలి. డీటీపీ అన్న డబ్బా విప్పి చూస్తే టీపీఎం జాడ లేదు గాని పసుపు దుమ్ము మాత్రం దండిగా ఉంది.

పండుగకు బెంగళూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఊరుకుంటాడా?

“అన్నా, లైనక్స్ వేస్కో. పైసా ఖర్చు లేదు.”

“పేజ్‌మేకర్ నడుస్తదా తమ్మీ?”

“స్క్రైబస్ ఉంది గదా!”

“అను ఫాంట్లు?”

“యూనికోడ్ వాడు.”

“పోయినేడు కొట్టిన పత్రికలు తెరుచుకుంటయా?”

తమ్మికి అప్పుడే ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చాక, నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏముంది అని అన్న అడిగాడు. “విండోసే అన్నా. కంపెనీ వాళ్లు వేరేది పెట్టనియ్యరు.”

అన్న మొండివాడేం కాదు. అను ఫాంట్లు పుట్టిన కాలంలో తెలుగుకు కంప్యూటర్‌లో సొంత ఇల్లు దాదాపు లేదు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలను అద్దెకు పెట్టారు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే చి.ల.సౌ. పెండ్లికూతురు పేరు కాస్తా ఇంగ్లిష్ అక్షరాలూ వంకర గీతలూ కలిసిన చిత్తడిగా కనబడుతుంది. యూనికోడ్ వచ్చి సొంత ఇల్లు కట్టింది నిజమే. గూగుల్ ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వరుసగా నిలబడి ఉచితంగా వస్తామంటున్నారు. కృష్ణదేవరాయలకు కూడా ఇంత చవకగా దొరకలేదు వాళ్లు. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. భువనవిజయమంతా గడప బయటే నిలబడింది.

పోనీ, అన్న ఒక్కడూ తెగించి మారాడే అనుకుందాం. ప్రింటింగు ప్రెస్సు వాడు పాత తీరు ఫైలే పంపమంటాడు. పార్టీ ఆఫీసు నుంచి వచ్చే పాత పోస్టరు అనులోనే ఉంటుంది. కొత్త కీబోర్డు మీద వేళ్లు మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి, అదీ ముహూర్తాల సీజన్‌లో. ఒక్కడు మారితే దుకాణం బందు. అందరూ మారితే ఎవరికీ నష్టం లేదు. అందరూ ఏ రోజు మారాలో మాత్రం ఏ పంచాంగంలోనూ రాయలేదు.

అడ్తి గుమస్తాకు ఈ బాధ లేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆయన తన లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీని మార్చలేదు, ట్యాలీయే ఆయన కోసం మారింది. ట్యాలీ విండోస్‌ను విడువదు, అది వేరే సంగతి. ఇక నిజామాబాద్ మార్కెట్ యార్డు 2016లోనే ఆన్‌లైన్ వేలం వేదిక ఈ-నామ్‌లోకి వెళ్లింది. బ్రౌజర్ ఉంటే చాలు, నీది ఏ సిస్టమ్ అని అది అడగదు. పసుపు కాడికి ధర లేదు, గోళకు ధర లేదు అని రైతు ఎన్నిసార్లు మొత్తుకున్నా, విండోస్ లేక వేలం ఆగిందని మొత్తుకున్నవాడు నాకు కనబడలేదు.

సర్కారు తలుచుకుంటే మారదా అంటారా? కేరళ తన బడుల్లో మార్చింది. టీచర్లకు నేర్పింది, పదో తరగతి ఐటీ పరీక్షే లైనక్స్ మీద పెట్టింది. పరీక్ష ఉందంటే మన దేశంలో ఎవరైనా ఏదైనా నేర్చుకుంటారు. జర్మనీలో మ్యూనిక్ నగరం కూడా 2003లో విండోస్‌ను వదలాలని తీర్మానించి, వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే ఓటేసింది. అంతకు ముందు ఏడాదే మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం ఆ నగరానికి వచ్చింది. కాకతాళీయమే అనుకుందాం, మనకెందుకు?

అయినా సిస్టమ్ మార్పించడం మన జిల్లాకు మ్యూనిక్ నేర్పాలా! పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలి అని 2019లో 178 మంది రైతులు నిజామాబాద్ ఎంపీ సీటుకు పోటీకి దిగారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. అప్పటిదాకా వాడుతున్న ఈవీఎంలకు నోటాతో కలిపి 64 పేర్లు మించితే చేతకాదు. మీ సంఖ్య మా యంత్రానికి సరిపడదు, తగ్గండి అని ఎవరూ అనలేకపోయారు. ఎన్నికల సంఘమే కొత్త ఎం3 యంత్రాలు తెప్పించి, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పరిచింది. పసుపు బోర్డు రావడానికి 2025 జనవరి దాకా పట్టింది గాని, యంత్రం మాత్రం 2019 ఏప్రిల్‌లోనే మారింది.

ఈ లెక్కన పేజ్‌మేకర్ బాధితులు కూడా మూకుమ్మడిగా నామినేషన్లు వేసి చూడొచ్చు. కాకపోతే కరపత్రం ఏ ఫాంటులో కొట్టాలన్న దగ్గరే మొదటి మీటింగు చెదిరిపోతుందని నా అనుమానం.