కథల బాబాయి

విజయవాడ భవానీపురంలో వీధికొక కథల బాబాయి ఉంటాడు. రిటైరై ఉంటాడు, భుజాన తువ్వాలుంటుంది, టీకొట్టు బల్ల మీద సరిగ్గా మధ్యన కూర్చుంటాడు. ఆయనకిష్టమైన కథ కృష్ణ వరద.

2024 సెప్టెంబరు మొదట్లో నదిలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, గేట్ల బరువుకి సరితూగే కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇంతవరకూ పేపర్లో వచ్చిందే. బాబాయి కథ ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

"పడవకి తెలుసబ్బాయ్, ఇక ఆగలేనని. గేటు వంక చూసి, ఇటు పోనా అటు పోనా అనుకుంది."

"పడవ అనుకున్నది నీకెట్టా తెలుసు బాబాయ్?"

"కథ నేను చెబుతున్నానా, నువ్వా?"

వరద తగ్గిన కొత్తలో ఈ కథకి ఆధారం "ఎవరో అన్నారు". దసరా నాటికి "మనవాళ్లు చూశారు". సంక్రాంతికి "నేను చూస్తుండగానే". ఉగాదికల్లా ఇంజినీరుని పిలిచి కౌంటర్‌వెయిట్ సంగతి హెచ్చరించింది కూడా బాబాయే. పడవ గేటుకి మూరెడు దూరంలో ఉండగా ఆపి, "గొంతు తడారిపోతోందిరా" అంటాడు. టీ ఎవరో ఒకరు చెప్పకపోతే పడవ అక్కడే ఆగిపోతుంది.

బుర్రకథ కట్టినవాళ్లకి ఈ జబ్బు ముందే తెలుసు. అందుకే కథకుడి పక్కన ఇద్దరు వంతల్ని నిలబెట్టారు. ఒకరు లోకంలోని రాజకీయాలు మాట్లాడతారు, ఇంకొకరు హాస్యమాడి కథకుడి గాలి తీస్తారు. 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథకుడు షేక్ నాజర్ అంతటివారికైనా పక్కన వంతలుండాల్సిందే.

బాబాయికి రాజకీయ వంతలకి కొదవలేదు, టీకొట్టు నిండా వాళ్లే. హాస్య వంత మాత్రం ఇంట్లో ఉంది. కూరల సంచీతో అటుగా వచ్చిన పిన్ని ఓ నిమిషం ఆగింది.

"ఏవండీ, బ్యారేజీ మీద నిలబడ్డానన్నారు! ఆ పూట వీధిలోకి నీళ్లొస్తాయని ఇన్వర్టరు మేడెక్కిస్తూ, నాచేత టార్చిలైటు పట్టించిందెవరు?"

బల్లంతా గొల్లుమంది. బాబాయి తొణకలేదు. "అది మర్నాడే" అని పడవని మళ్లీ కదిలించాడు. పిన్ని అడ్డు తగిలిన రోజునే టీకొట్టు దగ్గర జనం ఎక్కువ. అబద్ధం పట్టుబడ్డాక కూడా కథ వినబుద్ధయిందంటే ఆయన కథకుడే.

మీ వీధి బాబాయి చెప్పే కథలో పడవ మనసు నమ్మనక్కర్లేదు, 11 లక్షల క్యూసెక్కులు మాత్రం నమ్మండి. టీ డబ్బులు ఎవరివో ముందే తేల్చుకుని కూర్చోండి.