ముందే కొన్న మహాశయుడు

అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన 'డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్' గ్రంథంలో, కొత్త వస్తువును అందరికన్నా ముందు చేపట్టే 2.5 శాతం మందిని సాహసికులుగానూ, వారి వెనుక వచ్చే 13.5 శాతం మందిని తొలి స్వీకర్తలుగానూ, అంటే తాము వాడి చూసి నలుగురికీ సలహా చెప్పగల గౌరవనీయులుగానూ వర్గీకరించాడు. ఆ గౌరవం సొంత ఇంటి గడప లోపల ఎంతవరకు చెల్లుతుందో మాత్రం ఆయన లెక్క కట్టలేదు.

ఈ తొలి స్వీకర్తను తెలుగు పట్టణాల్లో పరిశీలించదలచినవారికి 1990ల చివరి సంవత్సరాలే సుభిక్ష కాలం. భారతదేశంలో 1995లో మొదలైన సెల్‌ఫోన్ సేవలలో, చేసిన కాల్‌కే కాక ఇన్‌కమింగ్‌కూ, అంటే వచ్చిన కాల్‌కూ, చాలాకాలం రుసుము పడేది కనుక, నడుముకు తోలు సంచిలో ఫోను వేలాడదీసుకొని తిరిగే ఈ మహాశయుడు, అది మోగగానే చుట్టుపక్కలవారు తల తిప్పేదాకా మోగనిచ్చి, తెరమీది నంబరును గంభీరంగా చదివి, కాల్ కట్ చేసి, కిళ్లీకొట్టు దగ్గరి కాయిన్ బాక్సులో రూపాయి బిళ్ల వేసి మాట్లాడేవాడు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమై, క్రమంగా కూరగాయల బండి దగ్గర కూడా ఫోను మోగసాగినప్పుడు, ఆస్తి పంపకాల్లో అన్యాయం జరిగినవాడిలా చిన్నబోయాడు.

తరువాత వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు, అంటే అక్షరరూపాల సంపుటి, లేనందున బంధువుల సందేశాలు ఖాళీ డబ్బాల వరుసలుగా కనిపించేవి. ఆయన ఫోనును రూట్ చేసి, అంటే తయారీదారు వేసిన తాళం తీసి, ఫాంటు ఎక్కించబోగా డబ్బాలతోపాటు ఫోను కూడా శాశ్వతంగా నల్లబడింది.

ఇందుకు జాలిపడటం శాస్త్రీయం కాదు. దోషం లేని వస్తువు ఆయనకు చెప్పుకోవడానికి ఏమీ మిగల్చదు. అప్‌డేట్ వేసుకున్న నాటినుంచి మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోయే ఫోను మాత్రం పెళ్లి భోజనాల్లో మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా సరిపడే సంభాషణను సమకూరుస్తుంది. అసలు దెబ్బ తోడల్లుడి నుంచి తగులుతుంది. అతడు తీరికగా ఏడాది ఆగి, లోపాలు సవరించిన అదే సరుకును సగం ధరకు కొని, పైగా దాన్ని ఎలా వాడాలో ఈయనకే ఫోను చేసి అడుగుతాడు. అవమానమూ గౌరవమూ ఒకే కాల్‌లో అందుకున్న మహాశయుడు, "ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లు తమ్ముడూ" అంటూ మొదలుపెట్టి, సందేహమంతా ఓపికగా తీర్చి, ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోవడం లేదా అని చివర్లో కాస్త ఆశగా ఆరా తీస్తాడు.