గోస్తనీ హోమ్ డెలివరీ

కిరండూల్ పాసింజరు అద్దాల పెట్టె బొర్రా గుహల స్టేషన్లో ఆగగానే ఆరోగ్యం కిందికి దిగుతుంది. ఒంటికి అతుక్కుపోయిన పాలిస్టర్ జెర్సీ, మణికట్టున అడుగులు లెక్కపెట్టే వాచీ, చేతిలో లీటరు నీళ్ల సీసా. గుహ మెట్లు దిగి ఎక్కడమే ఆ వారానికి వ్యాయామం. ఎక్కేటప్పుడు ఆయాసమొస్తే సీసా ఖాళీ చేసి రెయిలింగ్ అవతలకి గిరాటు. పైకొచ్చాక బొంగులో కాల్చిన చికెన్, అదీ పాలిథిన్ కవర్లో కట్టించుకుని.

పైనున్న బొరియలోంచి గుహలో పడ్డ ఆవు బతికి బయటపడిందని ఇక్కడో కథ చెబుతారు. ఇప్పటి ఆవుకి అంత సాహసం అక్కర్లేదు, పార్కింగ్ దగ్గర కవర్లు నమిలితే సరిపోతుంది.

విసిరిన సీసా గురించి బెంగ పడకండి. కింద గోస్తనీ ఉంది, ఆవిడ ఎవరి సొమ్మూ ఉంచుకోదు. ఎండకి పెళుసెక్కి, రాళ్లకి ఒరుసుకుని నుగ్గయినదాన్ని తాటిపూడి రిజర్వాయరు దాకా మోస్తుంది. ఆ నీళ్లే విశాఖ తాగుతుంది. మిగిలింది భీమిలి దగ్గర సముద్రానికి. చార్జీల్లేవు.

కుళాయి నీళ్లంటే మనకి అనుమానం గనక మళ్లీ సీసాయే కొంటాం. అమెరికాలో అమ్మే సీసా నీళ్లని కొలంబియా యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి, లీటరుకి సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులున్నాయని 2024లో లెక్క తేల్చారు. లేబుల్ మీద మాత్రం ఖనిజ లవణాల పేర్లే ఉంటాయి.

పరిగెత్తేవాడికి బోనస్ కూడా ఉంది. కుర్చీలో కూలబడ్డవాడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలిస్తే, ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు వంద దాటిస్తాడు. అదీ నోటితో, ముక్కు వడపోతకి సెలవిచ్చి. బీచ్ రోడ్డు మీద టైర్లు అరిగి రాలిన పొడి, సొంత జెర్సీ విదిల్చిన పీచు, సోమరికి దక్కని వాటాలన్నీ మారథాన్ వీరుడివే. 2024లోనే ఇటలీ వైద్యులు మెడ ధమనిలో కొవ్వు తీయించుకున్న 257 మందిని గమనించారు. 150 మంది కొవ్వులో పాలిథిలీన్ దొరికింది. ప్లాస్టిక్ దొరికినవాళ్లకి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు. ప్లాస్టిక్కే దోషి అని వాళ్లు తీర్పు చెప్పలేదు లెండి. ముద్దాయికి బెయిలుంది.

అసలు ఓర్పు పందెం చూడాలంటే రోడ్డెక్కని కొండ గూడేలకి వెళ్లాలి. నిండు చూలాలిని డోలీలో పెట్టి, బురద దారిలో భుజాలు మార్చుకుంటూ కుర్రాళ్లు పరిగెడతారు. వాళ్లకి మెడల్ ఇవ్వడానికి ఎవరూ ఉండరు. దాహమేస్తే గెడ్డ నీళ్లు, మన సీసాలు తేలుతున్న గెడ్డవే. గని కంపెనీలతో సుప్రీంకోర్టు దాకా పోరాడి 1997లో సమత తీర్పు తెచ్చుకున్న నేల ఇది. గిరిజనేతరుడికి ఇక్కడ గని లీజు దొరకదు. చెత్త పొయ్యడానికి పట్టా మాత్రం ఇరవై రూపాయలకే, సీసాతో పాటు.

ప్రభుత్వం ఊరుకుందా? 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ చెంచా, స్ట్రా, ఆఖరికి చెవిలో తిప్పుకునే దూది పుల్ల మీద కూడా దేశమంతా వేటు వేసింది. నీళ్ల సీసా పేరు ఆ జాబితాలో లేదు. నిషేధం అమలుపై అధికారుల సమీక్ష ఫొటో ఎప్పుడైనా చూడండి, బల్ల మీద మనిషికొకటి చొప్పున బుద్ధిగా నిలబడి ఉంటాయి, మూతలు కూడా తియ్యకుండా.