బావగారి బ్రేక్ ఈవెన్ మొక్కు

నవరాత్రుల్లో సప్తమి రాత్రి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జనం రతన్‌పూర్‌కి నడిచిపోతారు. పాతిక కిలోమీటర్లు. తెల్లారేసరికి మహామాయ అమ్మవారి గుమ్మంలో ఉండాలి. 2024 అక్టోబరులో మా బావగారూ చెప్పులు విడిచి బయల్దేరారు. ఉద్యోగమంతా ఇంజను నడిపి, రిటైరయ్యాక కూరల బజారుకైనా ఆటో ఎక్కే మనిషి నడుస్తానంటే మొక్కు గట్టిదే అనిపించి వెంటపడ్డాను.

"ఏటి మొక్కేరు బావగారూ?"

"బ్రేక్ ఈవెన్." లాభం వద్దు, పోయింది తిరిగొస్తే చాలట.

మా రైల్వే కాలనీ తెలుగువాళ్లలో చాలామంది తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు. మాకు పెట్టుబడి అంటే పీఎఫ్, పోస్టాఫీసు, ఊళ్లో ఎవరో సాగు చేసుకుంటున్న అర ఎకరం. ఆ గీత దాటడానికి బావగారికి లోక్‌సభ ఎన్నికలు కావాల్సొచ్చాయి.

మన దేశంలో డబ్బు తీసుకుని షేర్ల సలహా చెప్పాలంటే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. 2013 నుంచి దానికో నిబంధనల పుస్తకమే ఉంది. 2024 మేలో దేశ హోంమంత్రి అమిత్ షా టీవీ ఇంటర్వ్యూలో, జూన్ 4కి ముందే కొనుక్కోండి, మార్కెట్ లేస్తుంది అన్నారు. ఆ ఫలితాల రోజున మార్కెట్ రికార్డులు బద్దలవుతాయని ప్రధాని కూడా సెలవిచ్చారు. ఫీజు అడగలేదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఓటు అడిగారనుకోండి, అది సెబీ పరిధిలోకి రాదు.

ఓటరు మీద మన చట్టానికి ఎంత ప్రేమో చూడండి. పోలింగు ముగిసే వేళకి 48 గంటల ముందే సారా దుకాణం మూత, మైకు బంద్. చివరి దశ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదు. ఓటరు బుర్ర తేటగా ఉండాలట. మదుపరి బుర్రకి మాత్రం డ్రై డే లేదు. జూన్ 1 శనివారం సాయంత్రం చివరి దశ అయ్యీ కాగానే ఛానళ్లన్నీ అధికార కూటమికి 350, 400 సీట్లంటూ మూత తీసేశాయి. సోమవారం సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరింది. ఒక్క ఈవీఎం తెరవలేదు, ఒక్క ఓటు లెక్కపెట్టలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగం బారసాలకి బావగారు గ్రాట్యుటీలోంచి రెండు లక్షలు తీసి మార్కెట్ పెరుగుతుందని పందెం కాసే బ్యాంక్ నిఫ్టీ కాల్ ఆప్షన్స్ కొన్నారు. చెప్పింది టెలిగ్రామ్‌లో ఒక గురువు. మొహం ఎవరూ చూడలేదు, ప్రొఫైల్ బొమ్మ మాత్రం శివుడు.

మంగళవారం సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది. దాదాపు 31 లక్షల కోట్లు ఆవిరయ్యాయని పత్రికలు రాశాయి. బీజేపీకి సొంతంగా 240 సీట్లే వచ్చాయి, మెజారిటీకి చాలలేదు. ఒక ఎగ్జిట్ పోల్ పెద్దమనిషి టీవీలోనే కన్నీళ్లు పెట్టుకున్నారు. బావగారు ఆయన్ని ఓదార్చే స్థితిలో లేరు.

మార్కెట్‌కి ఓట్ల లెక్కింపు పడకపోవడం పాత జబ్బే. 2004 మే 17న భయంతో రెండుసార్లు ట్రేడింగ్ ఆగింది, 2009 మే 18న సంతోషంతో ఆగింది. 2024లో రాహుల్ గాంధీ సంయుక్త పార్లమెంటరీ సంఘం (జేపీసీ) విచారణ అడిగారు. బీజేపీ నేత పీయూష్ గోయల్ జవాబు: విదేశీయులు ఎక్కువ ధరకి కొన్నారు, భారతీయులు లాభపడ్డారు. బావగారు టీవీకేసి చాలాసేపు చూశారు. "అయితే నేను ఏ దేశపోణ్ణోయ్?"

అసలు దెబ్బ ఇంకోటి ఉంది. చంద్రబాబు నాయుడి కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఫలితాల తర్వాత వారం తిరక్కుండానే సగానికి పైగా పెరిగింది. పాలు అవే, పెరుగు అదే. పెరిగింది ఢిల్లీలో తెలుగుదేశం 16 సీట్ల విలువ. మూడు తెలుగు ఛానళ్లు మార్చి మార్చి చూసే మా ఇంట్లో ఆ ముక్క ఎవరికీ తట్టలేదు.

కాల భైరవుడి గుడి దగ్గర కాసేపు కూలబడ్డాం. రతన్‌పూర్ పొలిమేరలో ఉంటాడు, ఊరికి కొత్వాలు. ఈయన్ని చూడందే అమ్మవారి దర్శనం పూర్తికాదంటారు. నాకు వెంటనే సెబీ గుర్తొచ్చింది. ఆ నవరాత్రులకి రెండు రోజుల ముందే, అక్టోబరు 1న, సెబీ డెరివేటివ్స్ మీద కొత్త ఆంక్షలు ప్రకటించింది. వారం వారం ఎక్స్‌పైరీ ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒకే సూచీకి. కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు. చిన్నవాళ్లు దిగకుండా మెట్టు ఎత్తు పెంచారు. సెప్టెంబరులో వాళ్లే లెక్క తేల్చారు: మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లు పైమాటే, తలకి సగటున సుమారు 2 లక్షలు. జీవితంలో తొలిసారి బావగారు జాతీయ సగటుని అందుకున్నారు.

"పోయాకా చెప్పడం?" అన్నాన్నేను.

ఆయన రైల్వే మనిషి, నొచ్చుకున్నారు. "ఇంజను దాటాకే సిగ్నల్ ఎర్రబడతాదోయ్. అది మనకి కాదు, వెనకాల వచ్చే బండికి."

ఇదే గడ్డ మీద 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మహాదేవ్ బెట్టింగ్ యాప్ పేరు మోగినంతగా ఏ పార్టీ మేనిఫెస్టో మోగలేదు. మొదటి దశ పోలింగుకి రెండు రోజుల ముందు, నవంబరు 5న, కేంద్రం దాన్నీ ఇంకో 21 యాప్‌లనీ మూయించింది. జూదం పాపం, ఒప్పుకున్నాం. జూదం లాంటిదే అని పెద్దలే తిట్టే ఆప్షన్స్ మీద మాత్రం అదే 2024 అక్టోబరు 1 నుంచి లావాదేవీల పన్ను ఎస్‌టీటీని 0.0625 నుంచి 0.1 శాతం చేశారు. మా కాలనీలో పేకాట పట్టుబడితే పోలీసు ముక్కలు లాక్కునేవాడు. ఇక్కడ ముక్కలు మన చేతిలోనే ఉంచి, ప్రతి పంపకానికీ చెయ్యి చాపుతున్నారు.

లఖ్నీ దేవి గుట్ట చీకట్లో నల్లగా కనిపించింది. ఖజానా ఖాళీ అయినప్పుడు కలచురి రాజుగారి మంత్రి గంగాధరుడు అక్కడ లక్ష్మికి గుడి కట్టించాడనీ, ఆపైన రాజ్యం కోలుకుందనీ ఈ ఊళ్లో చెబుతారు. గుడి పన్నెండో శతాబ్దానిది. ఆ మంత్రి ఎప్పుడు కొనుక్కోవాలో ఎవరికీ చెప్పినట్టు లేదు.

తెల్లారగట్ల మహామాయ గుడి. మొక్కుకున్నవాళ్ల పేరున వేల అఖండ జ్యోతులు, వరసలు వరసలుగా, వేడికి మొహం మాడిపోతోంది. బావగారు ముందే తన జ్యోతికి రసీదు తీసుకున్నారు. కళ్లజోడు ఎత్తి నంబర్లు చదువుకుంటూ వెళ్లి ఒక కుండ ముందు ఆగిపోయారు.

"ఈ ఏడాది డబ్బు పెట్టినవాట్లో ఇంకా వెలుగుతున్నది ఇదొక్కటేనోయ్."

జేబులో ఫోను గుయ్‌మంది. గురువుగారు. మొన్న హర్యానాలో ఎగ్జిట్ పోల్స్ మళ్లీ బొక్కబోర్లా పడ్డాయి కాబట్టి ఈసారి పోల్స్‌కి ఎదురు ఆడాలట. మహారాష్ట్ర వస్తోంది, సిద్ధమేనా అని అడుగుతున్నాడు. బావగారు జ్యోతి ముందు గట్టిగా లెంపలేసుకుని, నావైపు చూడకుండా, లాటు కొత్త సైజు ఎంతని మెల్లిగా అడిగారు.