పేగుల్లో నా నడక

వేలంత లావు, మనిషంత పొడవు ఉన్న నల్లటి గొట్టాన్ని నేను. కొసన దీపం, కెమెరా. ఒంట్లో ఒక సన్నటి దారి. అందులోంచి పనిముట్లు దూరుస్తారు. కొలొనోస్కోపు అంటారు నన్ను. కరీంనగర్‌లో ఒక పేగుల డాక్టరుగారి చేతిలో పనిచేస్తున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ.

1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు మా పూర్వీకుల్లో ఒకదాన్ని పట్టుకుని, పొట్ట కోయకుండానే పెద్దపేగు లోపలి గోడ మీద పెరిగిన కండ బుడిపెను, అంటే పాలిప్‌ని, తీగ ఉచ్చుతో తీసేశారు. నన్ను అడిగితే అదే మా జాతికి అసలు పుట్టినరోజు. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు ఇలాంటి చిన్న పాలిప్‌గానే మొదలవుతుంది. అది ముదరడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లలో ఎప్పుడు తీసేసినా గండం తప్పినట్టే. మన దగ్గర ఈ విద్యను పెంచినవారిలో ముందు చెప్పుకోవలసింది డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిగారిని. ఆయన హైదరాబాద్‌లో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎండోస్కోపీ నేర్చుకోవడానికి విదేశాల నుంచి కూడా డాక్టర్లు వస్తారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది.

అయినా మనుషులు నా దగ్గరికి ఆలస్యంగానే వస్తారు. మల్యాల నుంచి అరవై దాటిన రైతు ఒకాయన వచ్చాడు.

"ఎన్నాళ్ల సంది రక్తం పడుతుంది, పెద్దాయనా?"

"యాడాదైతుంది సారూ. మొలలే అన్నరు. పసరు తాగిన."

లోపలికి వెళ్లాను. పేగు ఎడమవైపు మలుపులోనే గడ్డ అడ్డం నిలిచింది. నా కొస కూడా దూరలేదు. చిన్న ముక్క తీసుకుని వెనక్కి వచ్చాను. ఆపరేషన్ జరిగింది, ఆయన బతికాడు. కానీ ఆ పసరు మింగేసిన ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. మొలలున్న మనిషికి గడ్డ ఉండకూడదని లేదు కదా. నలభై దాటినవాళ్లకు రక్తం పడితే చూపించుకోవాల్సిందే.

మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలంత ఎక్కువ కాదు. అందరికీ నేను అక్కర్లేదు. మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే 'ఫిట్' పరీక్ష ఉంది. నమూనా ఇంట్లోనే తీసి ఇవ్వొచ్చు. అందులో తేడా వచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తే చాలు. ప్రభుత్వ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు ఉన్నాయి, పెద్దపేగు లేదు. కనీసం ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాల గడపైనా ఆశా కార్యకర్త తొక్కాలని నా కోరిక.

ఆ రైతు ఇంటి సంగతి మా డాక్టరుగారు వదల్లేదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వస్తే, నలభై ఏళ్లకు, లేదా వాళ్లకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు చూపించుకోవాలి. కొడుకుకు నలభై ఒకటి. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు పిలిపించారు. ఏ బాధా లేదన్నాడు. ముందు రోజు పొడి కలిపిన నీళ్లు లీటర్లకొద్దీ తాగి, పేగు శుభ్రం చేసుకుని వచ్చాడు.

పేగు మొదలుదాకా వెళ్లి, మెల్లగా వెనక్కి వస్తున్నాను. అసలు వెతుకులాటంతా ఈ తిరుగు ప్రయాణంలోనే. ఒక ముడత వెనక ఎర్రటి పాలిప్, సెంటీమీటరు దాటింది. నాలోంచి సూది వెళ్లింది. అడుగున నీరు ఎక్కించగానే పాలిప్ పైకి ఉబ్బింది. ఉచ్చు తెరుచుకుని, దాని మెడ చుట్టూ బిగిసింది. కరెంటు తగలగానే ఊడింది. కోసినచోట తెల్లటి మచ్చ, నెత్తురు చుక్క లేదు.

రిపోర్టులో అడినోమా అని వచ్చింది. అంటే ఇంకా క్యాన్సర్ కాలేదు. మూడేళ్లకు మళ్లీ రమ్మన్నారు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గర ఆగాడు.

"సారూ, మా అక్క కోరుట్లల బీడీలు చేస్తది. నాకంటే మూడేండ్లు పెద్ద. ఆమెకు గూడ చేయించాల్నా?"

"ఈ వారమే తీసుకొని రా."